పట్టి ఉంచిన సీటు

బర్లీ మలిన్స్ గుండెల నిండా గాలి పీల్చుకుని, అట్టగొట్టం పెదాల మధ్య బిగించి, ముక్కుకి క్లిప్పుతో కూర్చుని ఉన్నాడు. ఊపిరి పరీక్ష చేసే ఎల్డన్ కాడిల్ ఇక "ఊదు" అనాలి. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. ఎల్డన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయాడు. బర్లీకి డెబ్బై రెండేళ్ళు, అందులో ముప్పై ఒకటి బొగ్గుగనిలో గడిచాయి. ఉన్న కాస్త ఊపిరినీ బిగబట్టుకుని ఆ మనిషి ఎంతసేపని ఉంటాడు? గుడ్లు మిటకరించి ఎల్డన్ వైపు చూశాడు. ఎల్డన్ ఫోను వైపు చూశాడు. టైర్ల కొట్టువాడి నంబరు.

"ఊదు, ఊదు, ఊదు! ఇంకా, ఇంకా, ఆపకు, కడుపులోంచి లాగు, ఉంది నీ దగ్గర, ఇంకా ఉంది... సరే, వదిలెయ్."

బర్లీ గొట్టం తీసేసి దగ్గాడు. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, "నన్ను చంపి తీరిగ్గా ఫోను మాట్లాడుకుందామనా?" అన్నాడు.

"తప్పైంది బర్లీ. ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ ఊదాలి."

"మళ్ళీనా! మీ అమ్మ మొహం చూసి ఊరుకుంటున్నాను గానీ..."

మూడు ఊదుళ్ళూ దాదాపు ఒక్కలా రావాలి. తేడా వచ్చిందా, ముసలాడు కావాలనే తక్కువ ఊదాడని కంపెనీ వకీలు తేల్చేస్తాడు. బొగ్గుధూళి జబ్బుకి రావాల్సిన పరిహారం రాకుండా పోతుంది. అందుకే మా బ్రష్ ఫోర్క్ ఊరి చుట్టుపక్కల గనిలో పనిచేసినవాళ్ళంతా ఎల్డన్ దగ్గరే ఊదుతామని పట్టుబడతారు. అతను ముప్పై ఆరేళ్ళవాడు. ఎదుటివాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో వాడికన్నా ముందు అతనికే తెలుస్తుంది. అలాంటివాడు ఇవాళ ఒక మనిషిని గాలి బిగబట్టించి మర్చిపోయాడు.

గుమ్మంలో బీపీ పట్టీ పట్టుకుని మేరిబెత్ స్లోన్ ఇదంతా చూసింది. ఆమెకి ఇరవై అయిదు. వచ్చినవాళ్ళ బరువులు, బీపీ చూడటం, డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం ఆ క్లినిక్‌లో ఆమె పని. రెండు నెలలుగా ఎల్డన్ ఫోను మోగినప్పుడల్లా ఆమెకి అరచేతులు చెమట పడుతున్నాయి.

ఎల్డన్ ఏ ఫోను కోసం చూస్తున్నాడో క్లినిక్‌లో అందరికీ తెలుసు. రెండు జిల్లాల అవతల కొండల్లో ఉన్న ఆస్టియోపతీ వైద్య కళాశాలలో అతని పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది. "మీరే మొదట ఉన్నారండీ, ఒక్క సీటు కదిలితే మీదే," అని మార్చిలో అక్కడి ఆఫీసావిడ నోరుజారి చెప్పేసింది. ఆ ఒక్క సీటూ కదల్లేదు. ప్రవేశ పరీక్ష మార్కులు మూడేళ్ళే చెల్లుతాయి. ఎల్డన్ మార్కులకి ఈ వేసవితో గడువు తీరిపోతుంది. మళ్ళీ పుస్తకాల ముందు కూర్చోనని భార్య ట్రీనాకి మాటిచ్చాడు. ఇద్దరు ఆడపిల్లలు, రోజుకి పది గంటల పని, ఇంకెక్కడ కూర్చుంటాడు?

ఆ సీటు ఎందుకు కదలడం లేదో మాత్రం ఒక్క మేరిబెత్‌కే తెలుసు. దాన్ని పట్టుకుని కూర్చున్నది ఆమే.

పోయినేడు ఆమెకి ఆరు కళాశాలలు కాదన్నాయి. ఈ ఏడాది మూడు రమ్మన్నాయి. డిపాజిట్ కడితే సీటు నీది, వద్దని చెప్పేదాకా నీదే, కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. మూడుచోట్లా కట్టింది. ఒకసారి ఆరు తలుపులు మొహాన పడ్డాక ఏ మనిషైనా అంతే చేస్తుందని ఆమె వాదన, అందులో అబద్ధమూ లేదు. కానీ ఏప్రిల్ నాటికే ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకుంది. సముద్రం ఒడ్డున పెద్ద పట్నంలో కళాశాల, దాని పక్కనే పన్నెండు అంతస్తుల ఆసుపత్రి. అక్కడ అద్దెగది కూడా చూసుకుంది. మైదానాల్లో ఉన్న రెండోది, కొండల్లో ఉన్న మూడోది ఊరికే చేతిలో ఉన్నాయి.

"ఏంటి పిల్లా, అలా నిలబడిపోయావ్?" అన్నాడు ఎల్డన్, కొత్త అట్టగొట్టం విప్పుతూ. "నీ కాలేజీవాళ్ళు ఫోన్ చేసి, పొరపాటున తీసుకున్నాం, రావద్దన్నారా?"

"పో నువ్వు," అంది మేరిబెత్. నవ్వింది కూడా. ఆ నవ్వు అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే భయమేసింది.

మంగళవారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. వాగు ఎర్రగా పొంగి క్లినిక్ వెనక కంచె దాకా వచ్చింది. డాక్టర్ సైజ్‌మోర్ తడిసిన టోపీ దులుపుకుంటూ వచ్చి, చేతులు వేణ్ణీళ్ళలో చాలాసేపు ఉంచుకుని, బర్లీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. డెబ్బై ఏళ్ళాయన. మందు ఎంత రాస్తాడో చేతులతో అంతకన్నా ఎక్కువ చేస్తాడు. ఆస్టియోపతీ చదివినవాళ్ళకి అదొక విద్య. రెండు చేతులూ బర్లీ వీపు కిందికి పోనిచ్చి, వేళ్ళ కొనలతో పక్కటెముకల్ని మెల్లగా పైకెత్తి, ఆపి, వదిలాడు. మళ్ళీ ఎత్తాడు. బర్లీ ఛాతీ ఏ తాడో సడలించినట్టు కాస్త తెరుచుకుంది.

"చెయ్యి ఇలా పెట్టు," అన్నాడు మేరిబెత్‌తో. "ఇదిగో, ఈ ఎముక కదలనంటోంది చూడు. బలవంతం చెయ్యకూడదు. అదే వదిలేదాకా పట్టుకుని ఉండాలి."

మేరిబెత్ బర్లీ వీపు కింద చెయ్యి పెట్టింది. చర్మం కింద ఎముక గట్టిగా, మొండిగా తగిలింది.

"నిన్న కొండల కాలేజీలో నా పాత విద్యార్థి ఒకడు కలిశాడు," అన్నాడు డాక్టరు, బర్లీ ఛాతీ మీంచి చూపు తిప్పకుండా. "ఈసారి కొందరు పిల్లలు రెండు మూడు చోట్ల డిపాజిట్లు కట్టి సీట్లు పట్టుకు కూర్చున్నార్ట. శుక్రవారం సాయంత్రం అయిదు దాకా ఎవరు ఎక్కడ కట్టారో కాలేజీలకి తెలియదు. అయిదు దాటాక పేర్లన్నీ అందరికీ కనిపిస్తాయి. రెండుచోట్ల దొరికినవాణ్ణి రెండుచోట్లా తీసేసే అధికారం వాళ్ళకుంది. పోయినేడు ఒక కుర్రదానికి అలాగే అయిందిట, రెండు తలుపులూ ఒకే పూట మూశారు."

"బాగా అయింది," అన్నాడు బర్లీ పడుకునే. "ఒక పిర్రకి రెండు కుర్చీలెందుకు?"

గది అవతల పరికరం తుడుస్తున్న ఎల్డన్ పెద్దగా నవ్వాడు. "నా కుర్చీలో కూర్చున్నదెవరో గానీ, మెత్తగా ఉన్నట్టుంది బర్లీ, లేవడం లేదు."

"అడ్రసు కనుక్కో. నా మనవళ్ళని పంపిస్తా."

"వద్దులే. పాపం ఏ పిల్లో భయపడి పట్టుకుని ఉంటుంది. భయపడితే మనిషి చేతికి అందిందల్లా పట్టుకుంటాడు." అలా అని ఎల్డన్ గుడ్డ మడతపెట్టి పెట్టెలో పెట్టేశాడు.

మేరిబెత్ బర్లీ వీపు కిందనుంచి చెయ్యి తీసేసింది. "ఏంటమ్మా, చల్లబడిపోయింది నీ చెయ్యి?" అన్నాడు డాక్టరు. వాన వల్లనంది ఆమె.

ఆ మధ్యాహ్నం క్లినిక్ మరుగుదొడ్డిలో తలుపు గడియపెట్టుకుని ఫోను తీసింది. మైదానాల కళాశాల పేజీలో, సీటు వదులుకుంటున్నాను, అన్నచోట నొక్కింది. నిజంగానా, అని ఫోను ఒకసారి అడిగింది. మళ్ళీ నొక్కింది. అయిపోయింది. రెండు వేల డాలర్లు, ఏడాదిన్నర పొదుపు, అర నిమిషంలో పోయింది. ఆమెకి బాధేమీ అనిపించలేదు. తేలికపడ్డట్టు కూడా అనిపించింది.

తర్వాత కొండల కళాశాల పేజీ తెరిచింది. అదే బొత్తాం, అదే మాట. వేలు దాని మీద పెట్టి ఉంచింది. బయట ఎవరో తలుపు తట్టారు. ఫోను జేబులో వేసుకుని, అవసరం లేకపోయినా నీళ్ళు వదిలి, బయటికి వచ్చింది.

ఆ సీటు ఎందుకు వదల్లేకపోయిందో చెప్పాలంటే మా చర్చివాళ్ళ సంగతి చెప్పాలి. నవంబరులో ఆ సీటుకి డిపాజిట్ కట్టింది మేరిబెత్ కాదు, మేం. చర్చి వెనక హాల్లో బీన్స్, మొక్కజొన్న రొట్టె విందు పెట్టి, ఇంట్లో పండ్లు కూరి కాల్చిన పైలు వేలం వేసి, ఓమా కూంబ్స్ పెద్దరికంలో రెండు గంటల్లో రెండు వేలు పోగుచేశాం. ఓమాని ఊళ్ళో అందరూ పిన్ని అంటారు. డబ్బు కట్టేశాక సీటు కొన్నట్టే అని ఆమె లెక్క. శ్మశానంలో కొనుక్కున్న జాగాలాగా, అది ఇక మనదే. అందులో కూర్చుని మేరిబెత్ డాక్టరై, సైజ్‌మోర్ చేతులు పనికిరాకుండా పోయేనాటికి ఆయన కుర్చీలోకి వస్తుంది. ఎవరూ ఆమెని అడగలేదు. ఆమె కూడా ఎవరికీ వేరేలా చెప్పలేదు. మా కొండల్లో ఇచ్చింది వద్దనడం కన్నా చెంపమీద కొట్టడం నయం.

బుధవారం సాయంకాలం ప్రార్థన ముందు భోజనాలకి మేరిబెత్ పెందలాడే వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది.

ఓమా పిన్ని వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. తుంటి నొప్పికి ఒక కాలి మీదే బరువు వేసి, నడుం బల్లకి ఆనించి నిలబడింది. కత్తి మాత్రం ఆగకుండా ఆడుతోంది.

"వచ్చావా బంగారం! ఇటు రా, నీకొకటి చూపించాలి. ముందు ఆ చేతులు కడుక్కో. జబ్బు మనుషుల్ని ముట్టుకుని వస్తావు."

"పిన్నీ, నీతో ఒక మాట..."

"మాటలు తర్వాత. కళ్ళు మూసుకో." ఓమా ఆమెని భుజం పట్టి హాల్లోకి నడిపించింది. "ఆఁ, ఇప్పుడు తెరువు."

గోడకి కొత్త బోర్డు. మధ్యలో మేరిబెత్ ఫోటో, డిగ్రీ పుచ్చుకున్ననాటిది. పైన ఓమా చేత్తో కత్తిరించి అంటించిన రంగు కాగితపు అక్షరాలు: మన డాక్టరు, మన సీటు. కింద రెండు వరసల్లో డిపాజిట్‌కి డబ్బిచ్చినవాళ్ళ పేర్లు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఒకటి ఊడి వేలాడుతోంది.

"ఎలా ఉంది?"

"బాగుంది పిన్నీ." నేల చూస్తూ అంది, "ఒకవేళ నేను ఇంకో కాలేజీకి వెళ్తేనో?"

"ఏ కాలేజీ?"

"ఊరికే అడుగుతున్నా. పట్నంలో... సముద్రం దగ్గర."

ఓమా నవ్వింది. "మా రొట్టె తిని చేపల వాళ్ళకి మందులిస్తావుటే?" నవ్వుతూనే వంటగదిలోకి తిరిగి వెళ్ళి కత్తి అందుకుంది. కానీ తరగలేదు. ఉల్లిపాయ మీద కత్తి పెట్టి, వీపు తిప్పుకునే అంది. "బర్లీ పెళ్ళాం తన చలికాలం కట్టెల డబ్బులోంచి నలభై ఇచ్చింది. నీకు చెప్పొద్దంది, చెప్తున్నా. నువ్వేమీ అనుకోకు తల్లీ, ఊరికే చెప్తున్నా."

కత్తి మళ్ళీ ఆడింది. మేరిబెత్ బోర్డు దగ్గరికి వెళ్ళి, ఊడిన అక్షరాన్ని బొటనవేలితో అదిమింది. అదుముతూ, ఏం చెయ్యాలో తోచక, కింద పేర్లు చదివింది. రెండో వరసలో, ఆరో పేరు దగ్గర ఆగిపోయింది.

ఎల్డన్, ట్రీనా కాడిల్.

అప్పటికి వాళ్ళు కూడా సీటు కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నారు, అప్లికేషన్ల ఖర్చులకి ట్రీనా ఆదివారాలు కూడా పనికి వెళ్ళేది. అయినా వచ్చారు, తిన్నారు, ఇచ్చారు. ఎల్డన్ ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. తన దారికి అడ్డంగా పెట్టే రాయికి తన డబ్బు కూడా కలిపి ఇచ్చాడు ఆ మనిషి, అదీ ఎల్డన్‌కి తెలియదు. మేరిబెత్‌కి సిగ్గేసింది. ఒళ్ళంతా మండిపోయేంత సిగ్గేసింది. భోజనానికి ఆగకుండా, తలనొప్పని చెప్పి వెళ్ళిపోయింది.

గురువారం పదకొండింటికి రోగులు పల్చబడ్డారు. ఎల్డన్ ఊపిరి పరికరం సరిచూస్తున్నాడు. మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద సిరంజిని గొట్టానికి తగిలించి, పిడి బయటికి లాగి, ఒకే వేగంతో లోపలికి తొయ్యాలి. తెర మీద సరిగ్గా మూడు చూపించాలి. రోజూ ఒక్కసారి తోస్తే చాలు అతనికి. ఆ రోజు నాలుగుసార్లు తోశాడు.

"మేరిబెత్, ఒక్కమాట. తలుపు వెయ్."

ఆమె తలుపు వేసింది. ఇక తెలిసిపోయిందనుకుంది.

"లెక్సింగ్టన్‌లో ఒక పెద్దాసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఊపిరి పరీక్షల విభాగం మొత్తం నా చేతికిస్తారు. జీతం ఇక్కడికి రెట్టింపు. పిల్లలకి బీమా. సాయంత్రం నాలుగింటిలోపు అవునో కాదో చెప్పాలి."

"మరి... కాలేజీ?"

"అదే కదా." సిరంజి పిడి మీద అరచెయ్యి ఆనించి, తెర వైపు చూస్తూ మాట్లాడాడు. "ట్రీనా ఏమీ అనదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. ఒప్పుకుంటే అయిదేళ్ళ ఒప్పందం. ఒప్పుకోకపోతే, ఆ ఫోను రాకపోతే, రెండూ పోయినట్టే. సైజ్‌మోర్‌ని అడిగితే ప్రార్థన చేసుకోమంటాడు. నీకు ఈ కాలేజీల సంగతి తెలుసు. నువ్వైతే ఏం చేస్తావు?"

ఇంతకన్నా మంచి సమయం దేవుడైనా ఇవ్వలేడు. తలుపు మూసి ఉంది. ఇద్దరే ఉన్నారు. అతనే అడిగాడు. నోరు తెరిచి రెండు ముక్కలు చెబితే సరిపోయేది.

"నేనైతే..." అంది మేరిబెత్, "ఇంకొక్క రోజు ఆగుతాను."

ఎల్డన్ తలెత్తి చూశాడు. ఎదుటివాడి ఊపిరి ఎక్కడ తగ్గుతుందో కనిపెట్టే చూపు అది. "ఏం? నీకేమన్నా తెలుసా?"

బోర్డు మీద పేర్లు, ఓమా పిన్ని వీపు, పన్నెండు అంతస్తుల ఆసుపత్రి, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళముందుకు వచ్చాయి. రెండు తలుపులూ ఒకే పూట మూశారన్న డాక్టరు మాట కూడా. చెబితే ఇతను ఎవరితోనైనా అంటాడేమో, అక్కడి ఆఫీసుకి తెలిస్తేనో?

"లేదు," అంది. "నాకేం తెలుస్తుంది?"

"అవున్లే." ఎల్డన్ నవ్వి, సిరంజి మళ్ళీ తోశాడు. తెర మీద సరిగ్గా మూడు వచ్చింది. "చూశావా, నువ్వొస్తేనే కుదిరింది."

నాలుగింటికి కొండ అవతల గనిలో మందు పేల్చారు. కిటికీ అద్దాలు ఎప్పటిలాగే కదిలాయి. ఎల్డన్ ఫోను పట్టుకుని వెనక వరండాలో వానకి అంచున నిలబడి ఉండటం మేరిబెత్ చూసింది. ఇంటికి కబురు చెబుతున్నాడేమో అనుకుంది. రేపు, అనుకుంది. రేపు పొద్దున్నే.

మాట తప్పలేదు. శుక్రవారం ఏడున్నరకి క్లినిక్ ముందు కారు నిలిపి, ఇంజను ఆపకుండానే, అద్దం మీద వాన తుడిచే పుల్లలు అటూ ఇటూ ఆడుతుండగా ఆ బొత్తాం నొక్కింది. నిజంగానా, అంది ఫోను. నిజంగానే, అని పైకే అంది మేరిబెత్. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, ఎవరో రాసింది కాదు, దానంతటదే వచ్చేది: గడువులోగా తెలియజేసినందుకు కృతజ్ఞతలు, మీ వల్ల మరొకరికి అవకాశం కలుగుతుంది.

ఆమె ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. ఓమా పిన్నికి ఏం చెప్పాలో ఆదివారం చూసుకోవచ్చు, తిడితే తిట్టనీ, బోర్డు మీంచి ఫోటో పీకేస్తే పీకెయ్యనీ. సీటు ఊరు దాటి పోదు కదా. ఎల్డన్ ఫోటో పెట్టుకుంటారు అక్కడ. అసలు పెట్టాల్సిందే అతనిది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

అప్పటినుంచి ఆమె చెవి అతని ఫోను మీదే ఉంది. ఎనిమిదిన్నరకి కాఫీ పోసి ఇచ్చింది. "ఏంటీ మర్యాద!" అన్నాడు ఎల్డన్. తొమ్మిదికి ఒకసారి మోగింది. బీపీ పట్టీ సగం బిగించి వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తింది. పిల్లల బడివాళ్ళు. పదిన్నర అయింది. పదకొండున్నర అయింది. ఆఫీసులు ఎనిమిదికే తెరుస్తారు. సీటు ఖాళీ అయిందని వాళ్ళకి కనిపించకపోవడమేమిటి? మొదటి పేరు ఇతనిదేనని వాళ్ళే చెప్పారు కదా. ఎల్డన్ మాత్రం ఫోను బల్ల మీద కూడా పెట్టుకోలేదు. గోడకి తగిలించిన కోటు జేబులో ఉంది. రోగుల్ని ఊదిస్తున్నాడు, జోకులు వేస్తున్నాడు. రెండు నెలల్లో అంత నిమ్మళంగా అతన్ని ఆమె చూడలేదు.

పన్నెండింటికి ఉండబట్టలేకపోయింది. అతను సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"ఫోను రాలేదా?"

"ఏ ఫోను?"

"కాలేజీ నుంచి."

"ఓ, అదా!" ఎల్డన్ కాగితం చింపి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "నీతో చెప్పలేదు కదూ. నిన్న నాలుగింటికి లెక్సింగ్టన్ వాళ్ళకి సరేనన్నా."

"అయితేనేం? ఫోను వస్తే ఇప్పటికైనా మానుకోవచ్చు కదా! ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కదా?"

"రాదు. నా పేరు తీసెయ్యమన్నా. ఆ వెంటనే కాలేజీకి చేసి చెప్పేశా. ఆ ఆఫీసావిడ మంచిది, సోమవారం దాకా ఉంచుకోండి, పోయేదేముంది అంది. ఎందుకు? వెళ్ళనివాణ్ణి ముందు నిలబడి ఏం చేస్తాను? నా వెనక ఎవడో నాలాగే ఫోను చూసుకుంటూ ఉంటాడు. వాణ్ణి ఒక్క రోజు ఎక్కువ కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు." నవ్వాడు. "అదేంటి పిల్లా, నువ్వు ఏడుస్తున్నావా? లెక్సింగ్టనేగా, చచ్చిపోవట్లేదు."

"ఎల్డన్, ఆ సీటు నాది."

అతనికి అర్థం కాలేదు. "ఏ సీటు?"

"నువ్వు చూస్తున్న సీటు. నేను వెళ్ళేది పట్నం కాలేజీకి. ఏప్రిల్‌లోనే అనుకున్నా. ఇది ఊరికే పట్టుకుని ఉన్నా. ఇవాళ పొద్దున వదిలేశా. ఏడున్నరకి. నువ్వు అందుకుంటావని."

ఎల్డన్ చేతిలోని తడి కాగితాన్ని చుట్టాడు, విప్పాడు. చెత్తబుట్ట పక్కనే ఉంది గాని అందులో వెయ్యలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"నిన్న నేను అడిగాను."

"అడిగావు."

"తలుపు వేసి అడిగాను."

ఆమె తల ఊపింది. ఇంకేదో అనబోయింది, క్షమించమనో, ఇప్పుడే అక్కడికి ఫోన్ చేస్తాననో. ఎల్డన్ చెయ్యెత్తి ఆపాడు. అతని మొహంలో కోపం కోసం వెతికింది మేరిబెత్. తిడితే బాగుండుననిపించింది. పదిమందిలోకి ఈడ్చుకెళ్ళి తిట్టినా బాగుండుననిపించింది. అతను తిట్టలేదు. కోటు దగ్గరికి నడిచి, జేబులోంచి ఫోను తీసి, చూడకుండానే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వైపు చూసినప్పుడు, అడగకూడనిది అడుగుతున్నవాడిలా గొంతు తగ్గించాడు.

"ట్రీనాకి మాత్రం చెప్పకు," అన్నాడు. "ఆ కాలేజీ ఊళ్ళో మాకు ఇల్లు కూడా చూసి పెట్టింది తను."

ఫోను జేబులో పడేసుకుని, తలుపు తీసి, తర్వాతి మనిషిని పేరు పెట్టి పిలిచాడు.